ధూమమార్గమునకు తూము

మన పెండ్లిండ్లలో పసుపుకొమ్ములతోను పోకచెక్కలతోను గూడి పళ్లెరములకెక్కు ఎండు ఖర్జూరము చెట్టుననే పండి యెండినదని పలువురు తలంతురు గాని, దానిలో చాలభాగము పక్వమునకు రాకపూర్వమే కోసి, కాగునీట ఉడికించి, పిమ్మట ఎండలో ఆరవేసినదై యుండును. అరేబియా ద్వీపకల్పమునకు ఆగ్నేయమున నున్న ఒమాను దేశములో ఈ పని తరతరములుగా జరుగుచున్నది. ఆ దేశపు షర్కియా ప్రాంతములో ఇబ్రా, బిదియ్యా మొదలగు ఊళ్ల చుట్టును గల తోటలలో, నడివేసవియందు, మబ్సలీ జాతి గెలలు పసుపువన్నె దిరిగినంతనే దింపి, కాయలను రాల్చి, పెద్ద రాగికాగులలో పోసి పదునైదు ఇరువది నిమిషములపాటు మరిగించి, ఆరుబయట పరచి, కొన్ని దినములు ఎండనిత్తురు. ఈ కార్యమునకంతకును తబ్సీలు అని పేరు. కాగులను మోయు మట్టిరాతి పొయ్యిని తర్కిబా అందురు. ఉడికి యెండిన పండు బుసూరు. మస్కటు రేవునుండి ఓడలకెక్కి బొంబాయి చేరి, అచ్చటినుండి మన దేశమున నలుమూలలకు పాకిన సరకులలో ఈ బుసూరు ఒకటి.

ఆ పొయ్యిలో మండునది చాలవరకు ఖర్జూరపు చెట్టే. ఎండిన మట్టలు, కూలిన మ్రాకులు, నరికిన మట్టల మొదళ్లు, తోటలో వ్యర్థమని తలంపదగినదంతయు తర్కిబా నోటికే చేరును. ఐతే ఈ వంటచెరకు సులభముగ లొంగునది కాదు. మట్టలు గుప్పున మండి అంతలోనే చల్లారును; మ్రాను నారమయమై, తేలికయై, బూడిదను విశేషముగ మిగుల్చును. కాగులోని నీరు ఒకసారి మరుగుట ఆరంభించిన పిమ్మట మంటను ఎంత పెంచినను సముద్రమట్టమున దాని వేడిమి 100 డిగ్రీలను దాటదు. పెంచిన మంటయంతయు ఆవిరియై లేచిపోవుటకో, పొగతో కలిసి బయటికి తరలుటకో వ్యయమగును. కావున పొయ్యి నోటికడ నిలిచినవాని నేర్పంతయు మరుగు ఆగకుండను, అవసరమునకు మించి మంట రేగకుండను కాచుటలోనే యున్నది. వెలుపల నలువదియైదు డిగ్రీల ఎండ, ఎదుట నిప్పు. ఆ రెంటి నడుమ నిలిచి గంటలకొలది చేయు ఆ కావలి ఎంత కఠినమైనదో, ఆ పొయ్యిలో కాలుచున్న ప్రతి కట్టెయు ఎంత విలువైనదో తలంచుకొన్నప్పుడు, మంటను నియమించు శాస్త్రమును సామాన్యులకు తెలియజేయుట ఉపేక్షింపదగిన పని కాదని నాకు తోచును.

మంటను వశపరచుకొను విద్యలో కట్టెకు గల స్థానము రెండవది, మొదటిస్థానము గాలిది. బాగుగ ఎండిన కట్టె ఒక కిలోగ్రాము పూర్తిగ దగ్ధమగుటకు సుమారు 6 కిలోగ్రాముల గాలి, అనగా 5 ఘనమీటర్ల గాలి కావలయును. అంటే, పొయ్యిలోనికి మనము చేతితో పెట్టు కట్టెకంటె, మనకు తెలియకుండ తనంతట లోనికి పోవు గాలి బరువున ఆరింతలు. అంతేగాక, కట్టెలోని పదార్థములో ముప్పాతిక భాగమునకు మించినది కాలుటకు ముందే వాయురూపము దాల్చును. 250 డిగ్రీలు దాటినది మొదలు కట్టె చిట్లి, పొగయై, మండదగిన వాయువులను వెడలగ్రక్కును. మనము కన్నులార చూచు జ్వాల ఆ వాయువులదే గాని కట్టెది కాదు. ఆ వాయువులకు తగినంత గాలి తగిన వేడిమియందు దొరకినచో అవి వెలుగై, వేడియై మనకుపకరించును. దొరకనిచో మసియై, తారై, కన్నులు మండించు పొగయై పోవును. గాలి అవసరమునకు రెట్టింపై వచ్చినచో ఆ అదనపు గాలి ఏమియు కాల్చక, ఊరక వేడెక్కి, ఆ వేడిని మోసికొని ఆకాశమునకు పోవును. ఈ చివరి నష్టము లెక్కకు అందనిది కాదు. 6 కిలోగ్రాముల అదనపు గాలి 45 డిగ్రీల యొద్ద లోపలికి చొచ్చి 250 డిగ్రీల యొద్ద గొట్టమునుండి వెడలినచో, సుమారు 1,200 కిలోజౌళ్ల ఉష్ణమును తనతో కొనిపోవును. గాలికి ఎండిన కట్టె కిలోకు ఇచ్చునది సుమారు 15,000 కిలోజౌళ్లు మాత్రమే. ప్రతి పండ్రెండు పదమూడు మోపులలో ఒక మోపు పొగగొట్టము చేత దొంగిలింపబడినదన్నమాట.

ఇంతకును ఆ గాలిని లోనికి లాగునదెవరు? తిత్తి లేదు, పంకా లేదు. ఐనను పొయ్యి నోటికడ ఎండుటాకు నుంచినచో అది లోనికే పోవును. ఈ ఆకర్షణకు మూలము పొగగొట్టములోని వాయుస్తంభము. వేడెక్కిన వాయువు వ్యాకోచించి తేలికపడును. 200 డిగ్రీల వేడి గల వాయువు ఒక ఘనమీటరు సుమారు 750 గ్రాములు తూగును. వెలుపలి గాలి, వేసవిలోనైనను, 1,100 గ్రాములు తూగును. ఐదు మీటర్ల గొట్టములో నిండియున్న తేలికైన స్తంభమునకును, దాని ప్రక్కనే వెలుపల నిలిచియున్న అంతే ఎత్తుగల బరువైన స్తంభమునకును గల తూకపు భేదమే ఆ లాగుడు. బరువైన గాలి క్రిందినుండి చొచ్చుకొని వచ్చి తేలికైన వాయువును పైకి నెట్టును. గొట్టము పొగను పీల్చుచున్నదని మనము వాడుకగ అందుము గాని, నిజమునకు వెలుపలి గాలి దానిని త్రోసివేయుచున్నది. వేడి ఎక్కువైనకొలదియు, గొట్టము ఎత్తు పెరిగినకొలదియు, వెలుపల చలి హెచ్చినకొలదియు ఈ త్రోపుడు బలపడును.

పై సూత్రమును పరీక్షించుటకు ఒమాను వంటి దేశము మరియొకటి దొరకుట కష్టము. ఐదు మీటర్ల గొట్టములో సగటున 200 డిగ్రీల వాయువు ఉన్నదనుకొనుడు. వెలుపల 45 డిగ్రీల ఎండ కాయుచున్న షర్కియా మధ్యాహ్నమున దాని లాగుడు సుమారు 18 పాస్కళ్లు. అదే గొట్టమును సముద్రతీరమున, వెలుపలి వేడిమి సున్నకు దిగినట్లు ఊహించి లెక్కించినచో 27 పాస్కళ్లు వచ్చును. కాని ఒమానులో సున్నకు దిగు చలి తీరమున పడదు. అది జబల్ అఖ్దరు, జబల్ షమ్సు పర్వతాగ్రములది. జబల్ అఖ్దరు పైనున్న సైక్ పీఠభూమి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున గలదు. అచ్చట వాయుపీడనము సముద్రమట్టమునందలి దానిలో ఐదింట నాలుగు వంతుల కంటె కొంచెము తక్కువ. గొట్టములోని వాయువును, వెలుపలి గాలియు రెండును పలుచబడుటచే లాగుడు 21 పాస్కళ్లకు తగ్గును. చలి ఇచ్చిన లాభములో సగమునకు మించి ఎత్తు హరించినదన్నమాట. 2018 జూన్ 26వ తేదీన ఒమాను తీరమునందలి కురయ్యాత్ పట్టణములో రాత్రియంతయు గడచినను వేడిమి 42.6 డిగ్రీలకు దిగువకు రాలేదు. లోకమున నమోదైన కనిష్ఠోష్ణతలలో అంతటి గరిష్ఠము అంతకుముందు లేదు. అట్టి రాత్రి పొయ్యి వెలిగించినవానికి, రాత్రి చల్లబడినకొలది పొగ చురుకుగ పోవునను మన పల్లెల అనుభవము పనికిరాదు.

పాస్కళ్లలో చెప్పిన ఈ సంఖ్యలు ఎంత స్వల్పములో పాఠకుడు గమనింపవలెను. పది పాస్కళ్లు నీటిని ఒక్క మిల్లీమీటరు ఎత్తునకు మాత్రమే లేపగలవు. ఇండ్లలోని కట్టెపొయ్యిలను పరీక్షించునపుడు ఐరోపా ప్రమాణము విధించిన లాగుడు 12 పాస్కళ్లు. అది మన చుట్టునున్న వాతావరణపీడనములో ఎనిమిదివేలవ వంతు కంటెను తక్కువ. ఒక తలుపు మూయుట, ఒక గాలివీచిక గొట్టపు శిఖరమును తాకుట, వంటయింటిలో పంకా తిరుగుట, వీనిలో ఏ ఒక్కటియైనను అంతటి భేదమును కలిగింపగలదు. ఇంత సున్నితమైన శక్తి మీదనే మంటయొక్క భాగ్యమంతయు ఆధారపడి యుండుట నాకు ఎన్నిసార్లు తలంచినను ఆశ్చర్యమునే కలిగించును.

లాగుడు చాలకున్న పొగ గదిలో క్రమ్మును; ఇది అందరెరిగినదే. లాగుడు మితిమీరినప్పటి కీడు అంత సులభముగ కంటబడదు. మంట గర్జించుచు మండును. చూచువానికి సంతోషముగనే యుండును. కాని జ్వాల కాగు క్రింద నిలువక గొట్టములోనికి సాగిపోవును, గొట్టపు మొదలు ఎర్రబారును, కట్టె అరగంటలో బూడిదయగును. మంట పెరిగినకొలది గొట్టము వేడెక్కును, గొట్టము వేడెక్కినకొలది లాగుడు పెరుగును, లాగుడు పెరిగినకొలది మంట మరల పెరుగును. ఈ చక్రమును ఎచ్చటనో ఒకచోట త్రెంచవలెను. పొయ్యి నోరు మూసి గాలిని తగ్గించుట ఒక మార్గము. కాని పాతపొయ్యిలకు తలుపులు బిగుతుగ పడవు, రాతిసందులగుండ, బూడిదగూటిగుండ గాలి చొచ్చుచునే యుండును. అప్పుడు పొగ వెడలు మార్గముననే అడ్డుకట్ట వేయవలసివచ్చును. మన చెరువునకు తూము ఎట్టిదో, పొగగొట్టమునకు డ్యాంపరు అట్టిది: నీటిని అది పుట్టింపదు, ఉన్న నీటిని ఎంత వదలవలెనో అంత వదలును.

డ్యాంపరులలో రెండు జాతులు. మొదటిది గొట్టములోపల ఇరుసుపై తిరుగు గుండ్రని పోతయినుప బిళ్ల. వెలుపలనున్న పిడిని త్రిప్పినచో బిళ్ల నిలువుగనో అడ్డముగనో తిరుగును. రెండవది గొట్టమునకు ప్రక్కనుండి అతికించిన చిన్న గొట్టపు నోట వ్రేలాడు రేకుతలుపు. దానికొక సవరింపదగిన బరువు తగిలించియుండును. లాగుడు నిర్ణీతమైన మేరను మించినంతనే ఈ తలుపు తనంతట లోనికి తెరచుకొని, గదిలోని గాలిని నేరుగ గొట్టములోనికి పోనిచ్చి, పొయ్యిపై పడు లాగుడును తగ్గించును. మొదటిదానికి మనిషి కన్నును చేయియు కావలెను. రెండవది తన పని తాను చేసికొనును. తర్కిబాల వంటి సాంప్రదాయికమైన పొయ్యికి ఎవరైన ఇనుపరేకు గొట్టమును అమర్పదలచినచో, లేదా పర్వతముపై శీతకాలమున గదిని వెచ్చచేయు ఇనుపపొయ్యికి నియంత్రణము కావలసివచ్చినచో, నేను మొదట చెప్పునది బిళ్లడ్యాంపరునే. దానికి గల కారణములను ముందు వివరింతును.

బిళ్లను అమర్చువిధము ఏ రేకుపనివాడైనను ఒక పూటలో చేయదగినదే. గొట్టపు వ్యాసమునకు సరిపడు డ్యాంపరును ఎన్నుకొనవలెను. బిళ్ల గొట్టపు లోపలి అంచును ఒరయక తిరుగుటకు చుట్టును కొంచెము ఎడముండవలెను. పొయ్యి మూతికి అడుగున్నర ఎత్తున, నిలువుగ సాగు భాగములో, వంపులకు దూరముగ, నిలుచున్నవాని చేతికందునట్లు స్థలమును నిశ్చయింపవలెను. గొట్టము ఒంటిపొర రేకుదై యుండవలెను. వేడి బయటికి రాకుండ రెండు పొరల నడుమ నింపుడు పెట్టి చేసిన పొగగొట్టములకు రంధ్రములు వేయుట తగదు, వాని రక్షణశక్తియే చెడును. పొయ్యి పూర్తిగ చల్లారిన పిమ్మట ఆ ముక్కను ఊడదీసి, కాగితపుపట్టీని దాని చుట్టు చుట్టి, కొలతకు కత్తిరించి, సరిగ సగమునకు మడచినచో, ఎదురెదురుగ నుండు రెండు బిందువులు దొరకును. రేకు అతుకు ఈ బిందువులకు తగులకుండ చూచుకొనవలెను. ఇరుసు దూరునంత మాత్రపు బెజ్జములు వేసి, బిళ్లను గొట్టములో పట్టుకొని, ఇరుసును ఒకవైపునుండి దూర్చి, బిళ్లపై నున్న గూళ్లగుండ నడిపి, రెండవవైపున వెడలించి, స్ప్రింగును నొక్కి త్రిప్పినచో అది బిగిసికొనును. పిడి ఏ దిశకు తిరిగియున్నదో లోపల బిళ్లయు ఆ దిశకే తిరిగియుండవలెను. ఇది మిగుల ముఖ్యము. లోపలనున్న దానిని చూడజాలని మనకు పిడియే సాక్షి. ముక్కను మరల నిలుపునపుడు ప్రతి అతుకులోను ముడుతలు వేసిన సన్నని చివర పొయ్యివైపునకు, అనగా క్రిందికి, ఉండవలెను. అట్లున్నచో గొట్టములో పేరుకొని కారు తారునీరు లోలోపలనే దిగి నిప్పులో పడును, తారుమారైనచో అతుకులగుండ బయటికి కారి గదిని కంపుగొట్టించును. అతుకునకు మూడు మరల చొప్పున బిగింపవలెను.

బిళ్ల పూర్తిగ అడ్డముగ తిరిగినప్పుడును దారిలో ఐదవవంతు తెరచియుండవలెను. పదునైదు సెంటీమీటర్ల గొట్టపు వైశాల్యము 177 చదరపు సెంటీమీటర్లు. దానిలో 35 చదరపు సెంటీమీటర్లైనను ఎల్లప్పుడును పొగకు మిగులవలెను. బిళ్లలో రంధ్రములు చేయుటకును, దానిని గొట్టముకంటె చిన్నదిగ చేయుటకును కారణమిదియే. దీనిని మూసివేయు మూతయని తలంచువాడు దానిని వాడుటకు అర్హుడు కాడు.

పిడిని ఎంత త్రిప్పిన ఎంత అడ్డు పడును? త్రిప్పిన కోణమునకును అడ్డునకును సమానమైన నిష్పత్తి యుండునని తోచుట సహజము. కాని అది నిజము కాదు. జర్మనీలోని ఫ్రైబర్గు గని విద్యాలయమున ఆచార్యుడైన యూలియస్ వైస్‌బాఖ్ పందొమ్మిదవ శతాబ్దమున గొట్టములలో ప్రవాహమునకు కలుగు అడ్డంకులను శ్రద్ధతో కొలిచెను. గుండ్రని గొట్టములో తిరుగుబిళ్లకు ఆయన సాధించిన నష్టగుణకములు నేటికిని ఇంజనీర్ల పుస్తకములలో నిలిచియున్నవి. బిళ్ల దారికి సమాంతరమైన స్థితినుండి 30 డిగ్రీలు తిరిగినప్పుడు గుణకము దాదాపు 4. 45 డిగ్రీల యొద్ద 19. 60 డిగ్రీల యొద్ద 118. మొదటి 30 డిగ్రీలలో కంటికి దారి సగము మూసికొన్నట్లే కనబడినను ప్రవాహము పెద్దగ తగ్గదు. ఆ మీదట ఒక్కొక్క డిగ్రీయు అంతకుముందటి పది డిగ్రీల పని చేయును. నేటి బిళ్లలలో రంధ్రములుండుటచే చివరి సంఖ్యలు కొంత మెత్తబడును గాని, స్వభావము మారదు. క్రొత్తగ డ్యాంపరును వాడువారిలో చాలమంది పిడిని కొంచెము త్రిప్పి, ఏమియు జరుగలేదని తలంచి, మరల బలముగ త్రిప్పి, గదినంతయు పొగతో నింపికొనుటకు హేతువు ఇదియే. సగము దాటిన పిమ్మట పిడిని వెండ్రుకవాసి చొప్పున కదల్పవలెను. ప్రతి కదలికకు పిమ్మట మంట స్థిరపడుటకు కొన్ని నిమిషములు వేచియుండవలెను.

ఊహకు ప్రమేయము లేకుండ చేయదలచినవారు కొలబద్దను కట్టుకొనుట మేలు. సన్నని గాజుగొట్టమును పదింటికి ఒకటి వాలునట్లు పలకకు బిగించి, రంగునీరు పోసి, దాని పైచివరను రాగిగొట్టముతో డ్యాంపరునకు దిగువన వేసిన చిన్న బెజ్జమునకు కలిపినచో, నిలువున ఒక మిల్లీమీటరు లేచు నీరు వాలున పది మిల్లీమీటర్లు ప్రాకును. 12 పాస్కళ్ల లాగుడు అప్పుడు పండ్రెండు మిల్లీమీటర్లుగ కన్పట్టును. కంటికి కనబడని వాయువుల తూకమును వేలెడు గాజుగొట్టములో చూపగల ఈ సాధనమును చేసి చూపినచో, బడిపిల్లలకు వాయుపీడనమును గూర్చి పదిపుటల పాఠము చెప్పనక్కరలేదని నా నమ్మకము.

రెండవ జాతిదగు రేకుతలుపు డ్యాంపరు విషయమున నాకు గల జంకును ఇప్పుడు చెప్పవలెను. నూనెపొయ్యిలకు అది ఉత్తమమైనది. కట్టెకు అట్లు కాదు. కట్టెపొగలో తారు ఆవిరి యుండును. గొట్టపు గోడ 120 డిగ్రీల కంటె చల్లబడినచో ఆ ఆవిరి గోడపై ఘనీభవించి క్రియోసోటు అను నల్లని పూతయగును. గదిలోని చల్లగాలిని గొట్టములో కలుపు తలుపు ఈ పూతను పెంచును. ఒకవేళ ఆ పూత అంటుకొన్నచో గొట్టములో పుట్టు ప్రచండమైన లాగుడుకు ఆ తలుపు తనంతట విశాలముగ తెరచుకొని మంటకు కావలసిన గాలిని సరఫరా చేయును. గొట్టములోని వేడి అప్పుడు 1,000 డిగ్రీలను దాటును. తయారీదారు స్పష్టముగ విధించిన కట్టెకొలుములకు దానిని అమర్చుట తప్పనిసరియే. అప్పుడు ఇరుసు సమతలముగను తలుపు నిట్టనిలువుగను ఉండవలెను, తలుపు పొయ్యియున్న గదిలోనే యుండవలెను, గొట్టమును ఏటేట గీరి శుభ్రపరుపవలెను. తక్కినచోట్ల మనిషి చేతి పిడియే మేలని నా అభిప్రాయము.

ఐతే పిడితో వచ్చు అపాయమును దాచరాదు. గాలి చాలనిచోట బొగ్గునుండి పుట్టునది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువునందుకొనుటకంటె రెండువందల రెట్లకు పైగ ఆసక్తితో దానిని అందుకొనును. ఎర్రని నిప్పులపై నీలిరంగు చిరుజ్వాలలు ఆడుచున్నచో అవి ఆ వాయువు కాలుచున్న గుర్తులు. ఈ వాయువే ఒమాను చరిత్రలో ఒక మహోపకారము చేసినది. క్రీస్తుపూర్వము మూడవ సహస్రాబ్దములో సుమేరియనులు మగన్ అని పేర్కొనిన దేశము ఇదియేనని పండితుల నిశ్చయము. ఆ దేశము వారికి రాగిని పంపెడిది. సమద్ లోయలోని మైసరు మున్నగు చోట్ల బోఖుం నగరపు జర్మను గనిశాస్త్ర సంగ్రహాలయమువారు 1970 దశకపు చివరినుండి జరిపిన పరిశోధనలలో ఆనాటి కొలుములును, లోహపు చిట్టెమును వెలువడినవి. మండుచున్న బొగ్గులోనికి మితముగ గాలిని పోనిచ్చి, అందు పుట్టిన కార్బన్ మోనాక్సైడు చేత రాగిభస్మములోని ప్రాణవాయువును లాగించి, శుద్ధమైన లోహమును రాబట్టుటయే ఆ కొలిమిపనిలోని రహస్యము. కొలిమిలో లోహమును విడిపించు వాయువే మూసిన గదిలో మనిషిని చంపును.

గాలిని పూర్తిగ మూసివేసి వండు వంట ఒకటి ఒమానులో కలదు. పండుగదినములలో మసాలా పట్టించిన మాంసమును ఆకులలో చుట్టి, సంచులలో పెట్టి, నిప్పులు నిండిన గోతిలోనికి దింపి, మూతవేసి, మట్టితో సందులన్నియు పూడ్చి, ఒకటి రెండు దినములుంతురు. దానిని షువా అందురు. గాలి లేక మంట ఆరిపోవును. గోడలలోను నిప్పులలోను దాగిన వేడి మెల్లగ మాంసమును ఉడికించును. ఆ గొయ్యి ఆరుబయట నుండుటచే వెడలు వాయువు ఎవరికిని హాని చేయదు. ఇదే క్రమమును గదిలో అనుకరింపరాదు. కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి వెళ్లి ఒమానులోని కట్టడపుపనులలోను తోటలలోను బ్రదుకు గడుపుకొను మనవారు చలిరాత్రులందు గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులు బిగించి పరుండుట ప్రాణాంతకము. ఈ ముప్పును గూర్చి ఆ దేశపు పౌరరక్షణ శాఖవారును హెచ్చరించుచుందురు. డ్యాంపరున్న పొయ్యికిని అదే నియమము: నిప్పులు ఎర్రగనున్నంతవరకు బిళ్లను బిగింపరాదు, కట్టె వేయుటకు తలుపు తెరచుటకు ముందు బిళ్లను పూర్తిగ తెరచి, ఒకటి రెండు నిమిషములు ఆగి, పిమ్మట తలుపు తీయవలెను, వెలిగించునపుడు ఎల్లప్పుడును తెరచియే యుంచవలెను.

పొగదారిని బిగించి మంటను బాగుచేయవచ్చునను సంగతిని ఐరోపాలో శాస్త్రీయముగ చాటినవాడు రంఫర్డు ప్రభువు. 1796లో ఆయన ప్రకటించిన వ్యాసము అగ్గిగూళ్ల పొగమార్గపు గొంతుకను ఇరుకు చేయవలెనని బోధించినది. మన తెలుగునాటికి ఆ విద్యను తెచ్చి, పేదయింటి మట్టిపొయ్యికి అన్వయించినవాడు డాక్టరు ఎస్.పి. రాజు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో ఆయన రూపొందించిన పొయ్యి మట్టిది. ఒకే మంటపై పలుపాత్రలు నిలుచునది. పొగను ఇంటిబయటికి పంపు గొట్టము గలది. లాగుడును సవరించుటకు కదల్పదగిన లోహపు డ్యాంపరులు గలది. 1953లో ఆయన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అను పుస్తకమును ప్రకటించెను. భారత ప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించినది 1983లో. అంతకు మూడు దశాబ్దములకు ముందే హైదరాబాదులో ఒక ఇంజనీరు, ఆనకట్టలవలెనే వంటిల్లును తన శాస్త్రమునకు తగిన క్షేత్రమని ఎంచి, పొగలో కన్నులు పోగొట్టుకొనుచున్న ఇల్లాండ్రకు ఒక రేకుబిళ్లను సాధనముగ నిచ్చుటను నేను ఆ విద్యకంతకును మకుటముగ భావింతును. ఆయన పేరు మన పాఠ్యపుస్తకములలో కనబడకపోవుట విచారకరము.

ఒమానులో మరియొక వంటచెరకు గూర్చి ఒక మాట. షర్కియా ఇసుకతిన్నెల అంచుల పెరుగు ఘాఫు వృక్షము మన జమ్మియే. రెండింటికిని వృక్షశాస్త్రములో నామము ఒక్కటే. అగ్నికి శమీగర్భుడను పేరు వచ్చినది ఈ చెట్టు మూలముననే. దాని కట్టె బరువైనది, నిలిచి మండునది, గట్టి బొగ్గునిచ్చునది. మట్టలతో వెలిగించి, మంట కుదిరిన పిమ్మట ఇట్టి గట్టికట్టెను వేసినచో డ్యాంపరును నిలకడగ నొకచోట ఉంచవచ్చును. మట్టలే కాల్చునపుడు దానిని క్షణక్షణము కదల్పవలసివచ్చును. ఐనను ఎడారిలో ఇసుకను పట్టి నిలుపు ఆ చెట్టును పచ్చిగ నరికి పొయ్యిలో పెట్టుట ఘోరము. ఎండిరాలిన కొమ్మలకే పరిమితము కావలెను.

ఇక తబ్సీలు పొయ్యికడకు మరల వత్తము. ఐదు మీటర్ల గొట్టమునకు నడివేసవి మధ్యాహ్నమున సిద్ధాంతముచే లభించునది 18 పాస్కళ్లని చెప్పితిని. దానిలో కొంత గొట్టపు ఒరిపిడికి, కొంత వంపులకు పోవును. రెండు వంపులున్నచో పొయ్యికి మిగులునది 12కు అటునిటుగ నుండును. అనగా, ఆ వేళ డ్యాంపరునకు చేయదగిన పని ఏమియు లేదు. బిళ్ల నిలువుగ తెరచియే యుండవలెను. తెల్లవారుజామున గాలి పదిపదునైదు డిగ్రీలు చల్లబడినప్పుడు, లేదా ఉత్తరపుగాలి గొట్టపు శిఖరముపై బలముగ వీచునపుడు, లాగుడు ఇరువదిని దాటును. అప్పుడే పిడికి పని. మధ్యాహ్నమునకు సరిపోవునట్లు గుర్తుపెట్టిన స్థానము తెల్లవారుజామున సరిపోదు. తీరమున కుదిరినది కొండపై కుదురదు. మధ్యాహ్నమున కొలబద్ద పదికి దిగువ చూపుచున్నచో, మంచి డ్యాంపరును కొనుటవలన ప్రయోజనము లేదు: గొట్టమును మరియొక మీటరు పెంచవలెను, లేదా ఒక వంపును తొలగింపవలెను, లేదా లోపలి మసిని గీరవలెను. బిళ్లను వీనియన్నిటి పిమ్మట కొనవచ్చును.